రేకుల గదిలో ఉడికిన ప్లేట్లు

మా ప్రెస్సు భువనగిరి గుట్ట కిందే. ఎండాకాలంలో ఆ బండ పొద్దున్నుంచీ ఎండను మింగి, మధ్యాహ్నానికి మా మీద కక్కుతుంది. ప్రెస్సు వెనక ఒక రేకుల గది. అందులో కాసేపు నిలబడితే మెదడు పొంగి చెవుల్లోంచి ఒలుకుతుంది. సరిగ్గా అక్కడే మా బావ అచ్చేసే కొత్త ప్లేట్ల డబ్బాలు పెట్టాడు, నల్లగుడ్డ చుట్టి మరీ.

పాత ప్లేట్లకు వెలుతురు తగిలితే ఖరాబు. బావ ముప్పై ఏళ్లు వాటిని చీకట్లో దాచాడు. కొత్తవాటి సంగతి వేరు. అల్యూమినియం రేకు మీద పల్చటి పూత ఉంటుంది. లేజరు వేడి తగిలిన చోట పూత గట్టిపడి సిరా పట్టుకుంటుంది, తగలని చోట మందునీళ్లలో కొట్టుకుపోతుంది. గదిలో వెలుతురు వాటిని పెద్దగా ఏమీ చెయ్యదు. వేడే వాటికి గండం.

"బావా, గవి ఉడుకుతయి. గాడ పెట్టకు," అన్నాను.

"ఉడకనీకి పప్పా? నువ్వు లాగులు తొడిగినప్పటి సంది ప్లేట్లు దాస్తున్న. నాకు జెప్తవా?"

డబ్బాలు అక్కడే వదిలి మిషను దగ్గరికి పోయాను. అందుకు నా మీద నాకు ఇప్పటికీ రోతే.

ఆ నెలలోనే పోచంపల్లి నుంచి ఒక నేతన్న వచ్చాడు. ఇన్నాళ్లూ సేటుకే నేసిచ్చిన మనిషి, మొదటిసారి పట్నంలో తన చీరలు తానే అమ్ముకోబోతున్నాడు. తెల్లారితే ప్రదర్శన. చీర బొమ్మతో, తన పేరుతో కరపత్రాలు కావాలి. సాయంత్రం బస్సుకు పట్టుకుపోవాలి.

మొదటి కాగితం బయటికొచ్చింది. తెల్లగా ఉండాల్సిన జాగా అంతా బూడిద రంగు మసక. చీర బర్రెలు పొర్లిన గుంటలా ఉంది. ప్లేటు మార్చాం. ఇంకా రోత. ఆరు ప్లేట్లు మార్చేసరికి ఆరు ఊళ్ల పొయ్యిల మసి మా కాగితాల మీదే తేలింది. లేజరు కంటే ముందే రేకుల గది తన పని కానిచ్చేసింది. పూత అంతటా గట్టిపడి, కడిగితే కదలనంటోంది.

"మందు సరిపోలే," అంటూ బావ ఇంకో డబ్బా గుమ్మరించాడు. ఆ కంపుకు నేను తలుపులన్నీ తెరిచాను.

నేతన్న కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. "అన్నా, మేం నూలుకు సైకిలు ట్యూబు ముక్క కట్టిన కాడ రంగు ఎక్కది. మీరు కట్టుడే మరిసి మొత్తం ముంచినట్టున్నరు గదా!"

అంత చక్కగా మా బావకు ఎవరూ చెప్పలేదు. కొత్త ప్లేట్లు హైదరాబాదు నుంచి రావాలి. అవి వచ్చేలోపు బస్సు వెళ్లిపోతుంది.

"గీ కాయితం పక్కన వెడ్తే నా చీరె సుత ఉతకనట్టు కనవడ్తది," అన్నాడు నేతన్న. "తెల్ల కాయితాలే ఇయ్యిండి. బస్సుల కూసోని రాసుకుంట."

ఇచ్చాం. పెన్ను కూడా మాదే. ఇంత పెద్ద యంత్రం పెట్టుకుని, మనిషిని చేత్తో రాసుకొమ్మని పంపిన ప్రెస్సు మాది.

ఆయన మలుపు తిరిగాడో లేదో, బావ రేకుల గదిలోకి దూరాడు.

"ఏడనో ఎలుతురు జొర్రింది, బామ్మర్దీ," అంటూ మిగిలిన ప్లేట్ల డబ్బా మీద గుడ్డకు ఇంకో ముడి బిగించాడు.