సగం దించిన షట్టర్

మా వీధి కిరాణా అంగడి మామ మొన్న పొద్దున పోయాడు. ఫోన్ చేసి చెప్పినవాడితో "పోవయ్యా, ఇట్లాంటి ఆటలు నేను ఆడాల్సినవి" అన్నాను. ఊళ్ళో అందర్నీ ఆటపట్టించి బతికినవాణ్ణి, నిజమని నమ్మడానికి కొంచెంసేపు పట్టింది.

ఆయన నాకు చుట్టం కాదు. హిందూపురంలో రైలు పట్టాల పక్కన ఆయన అంగడి, దానికి ఆనుకుని నా పంక్చర్ షాపు. అంతే. నేను చదివింది తొమ్మిదో తరగతి, అదీ రెండుసార్లు. పుస్తకాల్లో చరిత్ర నాకు ఎక్కలేదు. ఎక్కిన కాస్తా ఆయన చెప్పిందే.

దేశంలో ఏ పెద్ద సంగతి జరిగినా మామ షట్టర్ సగానికి దించేవాడు. పూర్తిగా మూసేవాడు కాదు. "అంతా మూస్తే, చంటిబిడ్డకు పాలపొడి కావల్లంటే యాడికి పోతారప్పా?" అనేవాడు. లోపల బియ్యం మూట మీద కూర్చుంటే బయట జనం మోకాళ్ళ దాకా మాత్రమే కనిపిస్తారు. ఆయన చూసిన చరిత్రంతా అదే.

ప్రధానమంత్రిని కాల్చి చంపిన రోజు గురించి అడిగితే "ఆ పొద్దు రోడ్డంతా చెప్పులు పడిండాయి. ఒక్కటీ జత లేదు" అనేవాడు. నోట్లు రద్దయినప్పుడు ఎదురుగా బ్యాంకు ముందు వరుస. "కదలని కాళ్ళు అప్పుడే చూసినా. ఒంటికాలు మీద నిలబడుకోని కాళ్ళు మారుస్తాండ్రి, కొంగల మాదిరి."

రాష్ట్రం విడిపోయేటప్పుడు బంద్ చేయించే గుంపులో నేనే ముందు. మామ షట్టర్ మీద దబదబా బాది, గొంతు మార్చి "ఎవడ్రా లోపల?" అని గద్దించాను.

"ఎవురూ లేరు సామీ!" అని లోపలినుంచి జవాబు.

గుంపంతా విరగబడి నవ్వింది. వెంటనే మళ్ళీ అదే గొంతు: "ఏమప్పా నాయకుడా, నీ ఎడమ చెప్పు తెగిండాది. పిన్నీసు ఇస్తా, వంగు."

వంగాను. ఇంకేం ఉద్యమం?

లాక్‌డౌన్‌లో మాత్రం ఆయన నోట హాస్యం రాలేదు. బెంగుళూరు నుంచి కూలీలు పట్టాల వెంబడి నడిచి వస్తున్నారు. షట్టర్ ముందు ఆగిన పాదాలు చూసి, అంగట్లో వేలాడదీసిన రబ్బరు చెప్పులు జత తర్వాత జత కిందనుంచి బయటికి తోశాడు. ఆయన హిందీ 'పానీ' దాటదు. చెయ్యి మాత్రం బయటపెట్టి "పెనుకొండ... ఆపైన ధర్మవరం" అని దారి చూపేవాడు.

"వాళ్ళ మొగాలు చూడలేదు, మంచిదయింది. చూసింటే నిద్ర పట్టేది కాదు" అన్నాడొకసారి నాతో. మళ్ళీ తనే, "కాళ్ళు చూసినందుకే పట్టలేదులే" అన్నాడు. ఆ రోజే చెప్పాడు: "నేను పోయినా సగమే దించండప్పా."

మొన్న నేను వెళ్ళేసరికి కొడుకు షట్టర్ నేల దాకా దించి తాళం వేశాడు.

"సగానికి ఎత్తబ్బా. మీ నాయన మాట అది" అన్నాను.

"ఊరుకోన్నా. నాయన శవం ఇంట్లో పెట్టుకోని యాపారం చేసినారంటారు. అయినా నువ్వు చెప్తే ఎవురు నమ్మేది?"

ఇన్నేళ్ళు నేను ఆడిన ఆటలన్నీ కలిసి మామ మాటకు అడ్డం నిలబడ్డాయి.

అంగడిని ఆనుకున్న ఇంటి వాకిట్లో, శవం పక్కన కూర్చున్న అత్త తలెత్తింది. "నాకూ చెప్పినాడు. తాళం తీయి నాయనా."

కొడుకు తాళం తీశాడు. షట్టర్ నేనే ఎత్తాను, సగానికి.

వాళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి రారు. పాడె లేచాక అత్త అంగట్లోకి వెళ్ళి బియ్యం మూట మీద కూర్చుంది. మేము పాడె మోసుకుని అంగడి ముందునుంచే నడిచాం. ఆమెకు మా కాళ్ళు కనిపించి ఉంటాయి, మామ కనిపించి ఉండడు.

వీధి మలుపులో భుజం మార్చుకుంటూ వెనక్కి చూశాను. చంకలో బిడ్డతో ఒకామె షట్టర్ ముందు వంగి ఏదో అడుగుతోంది. కిందనుంచి అత్త చెయ్యి బయటికి వచ్చింది, పాలపొడి డబ్బాతో.