ఫోటోలు చెరిపినవాడు

ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి, ఒక రోత మనిషి సంగతి చెబుతాను. ముదిగుబ్బలో కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఏ పని ముగించినా రెండు అరచేతులూ టపటపా దులిపి "అయిపాయె!" అనేవాడు.

మా పాత కంప్యూటరును అమ్మిపెట్టమని వాడికిచ్చాం. అందులోని హార్డ్ డిస్కులో కోడలి బాలింత ఫోటోలున్నాయి, ముందు వాటిని చెరిపెయ్యమన్నాం. చేతులు దులిపి, "అయిపాయె పెద్దమ్మా, ఒగటీ లేదు" అన్నాడు.

మరునాడు మరిచిపోయిన సంచి కోసం వెళ్తే, స్నేహితుడి ముందర గొప్పలు పోతున్నాడు. "చూడప్పా, చెరిపినవి గూడా ఎట్ల లేపుతానో!"

తెర మీద నా కోడలు, బిడ్డకు పాలిస్తూ. గబుక్కున నా కొంగు తెరకు అడ్డం పట్టాను.

"థూ! నీ ఇంట్లో ఆడోళ్లు లేరేమప్పా?"

"తమాషాకు పెద్దమ్మా. చెరిపితే పేరే పోతాది, ఫోటో ఆడనే ఉంటాది. డిస్కు నిండా సున్నాలు రాస్తేనే పోయేది. సాయంత్రమైతాది."

"కానియ్యి. ఈడనే కూర్చుంటా."

పొద్దు వాలేదాకా తెర మీంచి చూపు తిప్పలేదు. అంతా అయ్యాక, "ఇప్పుడు లేపు, చూద్దాం" అన్నాను. ఎంత వెతికినా ఒక్క ఫోటో రాలేదు. వాడు తెప్పించిన టీ ముట్టకుండా, డిస్కు ఊడదీయించుకొని వచ్చేశాను.

మీ ఇంటి ఆడబిడ్డల నవ్వు మీ ఇంటివాళ్ల కళ్లకే దక్కాలి. సల్లగుండండి నాయనా.