మాట్లాడని డాక్టరమ్మ

ఎదుటివాడి చేతిలోని కత్తిని మనిషి ఏం చూసి నమ్ముతాడు? ఇప్పటికీ తేలని ప్రశ్న ఇది. కబుర్ల బాబాయి సెలూన్ కుర్చీలో ఏళ్ళ తరబడి వీధి వీధంతా తల వెనక్కి వాల్చి, గొంతు అప్పగించి, హాయిగా కళ్ళు మూసుకుంది. ఎందుకని అడిగితే ఒక్కరూ చెప్పలేరు.

బాబాయికి కత్తెర కన్నా నోరే ఎక్కువ ఆడుతుందని పేరు. ఎడమకన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న కుడికంట్లో ఇప్పుడు శుక్లం దిగింది. అద్దం మాసిందంటూ కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. ఓ రోజు బడి మాస్టారు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"బాబాయ్! తీయమన్నది జుట్టు, చెవి కాదు!"

ఇక ఆపరేషన్ తప్పలేదు. ఉన్న ఒక్క కన్నూ ఎవరి చేతిలో పెట్టాలి? సబ్బు నురగలో మునిగిన ప్రతి మూతీ ఓ సలహా ఇచ్చింది. అన్నీ వడపోస్తే రెండు ఆస్పత్రులు మిగిలాయి. భార్యను వెంటబెట్టుకుని రెండూ చూసొచ్చాడు.

మొదటిది అద్దాల మేడ. అక్కడి డాక్టరు ఇట్టే కలిసిపోయాడు. కంట్లో లైటు వేస్తూనే వానల గురించీ, తన అల్లుడి గురించీ చెప్పుకొచ్చాడు. బాబాయి మురిసిపోయాడు. రెండోది పాత ఇంట్లో పెట్టిన చిన్న ఆస్పత్రి. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసినంతసేపూ పెదవి కదపలేదు. చివర్లో మాత్రం, "చేయొచ్చు. ఆలస్యం చేయకండి," అంది. అంతే.

"నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా ఆవిడకి?" అన్నాడు బాబాయి గేటు దాటగానే. "ఆ అద్దాలాయనే ఖాయం. చేతిలో పనున్నవాడు కబుర్లకి వెనకాడడు. నన్ను చూడు!"

"చూస్తూనే ఉన్నాగా," అంది భార్య. "గొంతు మీద కత్తి ఆనించినప్పుడు ఏం కబుర్లు చెబుతావయ్యా?"

"అప్పుడా? అప్పుడు..." బాబాయి తడుముకున్నాడు.

"ఏమీ చెప్పవు. షాపు వెనక వంటింట్లో ఉండేదాన్ని, నాకు తెలీదూ? నీ వాగుడు ఠక్కున ఆగిందంటే ఎవరి గొంతు దగ్గరో ఉన్నావన్నమాట. నేను నిన్ను నమ్మేది ఆ కాసేపే."

"మరి అద్దాలాయన?"

"మంచివాడేనేమో. కానీ కంట్లోకి చూస్తూ కూడా అల్లుణ్ణి వదల్లేదు."

బస్సు వచ్చి ఆగింది. బాబాయి ఎక్కలేదు. "పద, వెనక్కి పోదాం," అన్నాడు.

ఆపరేషన్ బల్ల మీద భయం కొద్దీ వానల సంగతి ఎత్తుకున్నాడు. "మాట్లాడకండి," అంది డాక్టరమ్మ. ఆ తర్వాత గదిలో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం బాబాయికి కొత్తదేం కాదు. ఇన్నాళ్ళూ తను కత్తి పట్టుకున్న వైపు నుంచి విన్నాడు, అంతే. మెల్లగా గుప్పిళ్ళు వదులు చేశాడు.

మర్నాడు నర్సు కట్టు విప్పింది. మొదట భార్య ముక్కు కనబడింది, తర్వాత దాని మీది పుట్టుమచ్చ.

"ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే?"

"ముందు నువ్వు అద్దం చూసుకో!"

డాక్టరమ్మకి నాలుగు మంచి మాటలు చెప్పాలని ఆపరేషన్ గది దాకా వెళ్ళాడు. తలుపుకున్న గాజులోంచి వంగిన ఆవిడ వీపు, బల్ల మీద ఎవరిదో కప్పిన ముఖం స్పష్టంగా కనిపించాయి. తట్టబోయిన చెయ్యి దించేశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, అడుగు చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.