బత్తాయి కొమ్మకు నేత ముడి

1944 ఆశ్వయుజం. బెజవాడలో మకాం పెట్టి, చుట్టుపక్కల మెరక ఊళ్ళ తోటలు చూసే వ్యవసాయ శాఖ డిమాన్‌స్ట్రేటర్ ఉద్యోగం నాది. అదేదో పెద్ద హోదా అనుకోకండి. సైకిలెక్కి తోటకు పోవడం, చెట్టుకు ఏం కావాలో రైతుకు చేసి చూపించడం, తిరిగొచ్చి రిపోర్టు రాయడం, అంతే. యుద్ధం పుణ్యమా అని కొత్త టైర్లు దొరికేవి కావు. అతుకుల ట్యూబుతో కొండపల్లి దాకా తొక్కేసరికి సగం ప్రాణం పోయేది.

కొండపల్లి దాటాక ఎర్రనేలలో వెంకటప్పయ్య గారి బత్తాయి తోట ఉంది. ఆయన పుట్టు రైతు కాదు, నేతపనివాడు. నూలు దొరక్క మగ్గం ఆగిపోయింది. పిల్లల్లేని అన్నగారు పోతూ వదిలిన అరవై చెట్లే ఇక ఆయనకూ, భార్య మంగమ్మ గారికీ తిండి పెట్టాలి.

ఆ ఏడు కాయలు చూసి సైకిలు గట్టున పడేసి చెట్టు కిందికి పోయాను. ఒక్కొక్కటి రెండు చేతులా పట్టుకోవాల్సినంత ఉంది.

"ఎరువేం వేశారండీ?" అన్నాను.

"మామూలు పశువుల పెంటేనండీ. నేను చేసిందల్లా ఇదిగో, ఇది."

గాలికి కొమ్మలు చీలకుండా, చెట్టుకున్న పెద్ద కొమ్మలన్నిటినీ వెదురు గడలకు కట్టేశారాయన. "మగ్గం మీద మిగిలిపోయిన పడుగు పోగులండీ. మైనం పట్టించి పేనాను. లాగి చూడండి. నా చేతి ముడి జారడమంటూ ఉండదు."

లాగి చూశాను. జారలేదు. వేలికి బిగిసిన ఉంగరం పక్కన కండ పొంగినట్టు, ముడికి పైన బెరడు ఉబ్బి ఉంది. అది నా కంట పడింది కూడా. కానీ దాహంగా ఉంది, మనసంతా తిరుగు దారి మీద ఉంది. "బాగుందండీ, ఇలాగే చెయ్యండి" అన్నాను. మంగమ్మ గారు పిండి ఇచ్చిన రసం తాగి, ఇంటికొచ్చి రిపోర్టులో 'ఆదర్శ తోట' అని రాశాను.

వేసవిలో మరోసారి వెళ్ళవలసింది. ఓపిక లేక వెళ్ళలేదు. మరుసటి భాద్రపదంలో తోటకు తెగులు పట్టిందని కబురొస్తే అప్పుడు కదిలాను.

ఆకులు చిన్నవైపోయి పసుపు తిరిగాయి. కొత్త చిగురు ఎక్కడా లేదు. కాయలు నిమ్మకాయలంత ఉండి రాలిపోతున్నాయి.

"దిష్టి తగిలిందేమోనండీ. పోయినేడు చూసినవాళ్ళంతా నోళ్ళు తెరిచారు" అన్నారు మంగమ్మ గారు.

నేను భూతద్దం తీసి ఆకుల అడుగున పురుగు కోసం వెతికాను. గంటసేపు వెతికినా ఏమీ లేదు. నడుం లాగేసి ఒక కొమ్మను పట్టుకుని నిలబడ్డాను. చేతికి గాడి తగిలింది. ముడి ఉండాల్సిన చోట ముడి కనబడలేదు. బెరడు దాన్ని మింగేసింది.

బెరడు లోపలి పొరను ఫ్లోయం అంటారు. ఆకు వండిన తిండి ఆ దారినే కాయకూ వేరుకూ చేరుతుంది. దాని వెనకే కేంబియం అని పలచటి పొర ఉండి, కొమ్మను ఏటేటా లావు చేస్తుంది. కొమ్మ లావెక్కింది, ముడి సడలలేదు. మొదటి ఏడు కిందికి దిగాల్సిన తిండి ముడి పైనే ఆగి కాయలు ఊరాయి. వేళ్ళు పస్తులున్నాయి. వేరు నీరసిస్తే చిగురు రాదు, ఆకు లేకపోతే కాయ ఊరదు. మేం సంబరపడిన ఆ పెద్ద కాయలు వేళ్ళ నోటికాడి కూడు.

ఇదంతా చెప్పాను. వెంకటప్పయ్య గారు గాడిని వేలితో తడుముతూ, లోపలి పోగు కోసం గోటితో గీరారు.

"మీరు పోయినేడు బాగుందన్నారు గదండీ" అన్నారు చివరికి. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"అన్నానండీ. తప్పు నాది."

నాలుగు రోజులు ముగ్గురం కత్తులు పట్టుకుని ఆ పోగులు కోశాం. ఆయన ముడి ఆయనకే ఊడిరాలేదు. ఇరవై రెండు చెట్లు మళ్ళీ చిగురు వెయ్యలేదు. మిగిలినవి కోలుకునేదాకా, బట్ట నేసిన ఆ చేతులతో ఆయన కొండపల్లి బొమ్మలు చేసేవారింట కొయ్య చెక్కే కూలికి కుదిరారు. ఆ దారిన పోతూ ఆయన్ని చూసినప్పుడల్లా నాకు సిగ్గేసేది.

చెట్టును చూసి రావలసినవాణ్ణి కాయను చూసి వచ్చాను. ఆ తర్వాత ఏ తోటకు పోయినా ముందు ఆకు చూశాను, కొమ్మ తడిమాను, కాయ సంగతి ఆఖరున చూశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నిజంగా నేర్చుకున్నది అదొక్కటే.

మూడేళ్ళకు మళ్ళీ కాపొచ్చిందని కబురు పెడితే వెళ్ళాను. మంగమ్మ గారు రసం గ్లాసు తెచ్చారు. నేను చెయ్యి చాపేలోగా వెంకటప్పయ్య గారు దాన్ని అందుకుని పక్కన పెట్టారు.

"ముందు కొమ్మలు తడిమి రండి. తర్వాత తాగుదురుగాని" అన్నారు.

ముప్పై ఎనిమిది చెట్లూ తడిమి వచ్చి తాగాను.