పాత సర్వరుకు ముహూర్తం

మొన్న మా గ్రంథాలయ సంఘం కంప్యూటర్ పెట్టె మూత విప్పగానే వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. మరమ్మతుకు వచ్చినతను ముక్కు మూసుకుని, "బాబాయ్ గారూ, దీన్ని వదిలించుకోండి. కొత్తది దీనికి పదింతలు స్పీడు" అన్నాడు. "ఏ పనిలో?" అని అడిగాను. నిజానికి ఆ ప్రశ్న నాది కాదు, షమీమ్ మేడమ్‌ది. ముప్పై ఏళ్ళుగా వాడుకుంటున్నాను. ఇన్నేళ్ళలో అది నాకిచ్చిన జవాబుల కంటే పెట్టిన తికమకే ఎక్కువ.

తొంభైల నడుమ తెనాలిలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో నేను పాఠాలు చెప్పేవాడిని. మేడమ్ అక్కడ పెద్ద. రోజూ బాపట్ల నుంచి పొద్దుటి పాసింజరులో వచ్చేవారు. అప్పటికి నేను నిప్పులు చెరుగుతూ తిరిగే హేతువాదిని. సాయంత్రం సభల్లో జ్యోతిష్కులతో వాదించి, పొద్దున్నే గొంతు బొంగురుపోయి క్లాసుకు వచ్చేవాడిని. కంప్యూటర్ గది గుమ్మం దగ్గర చెప్పులు విడవాలన్న నియమం చూసి మొదటి రోజే మండిపడ్డాను.

"ఇదేమన్నా గుడా మేడమ్?"

"గుడైతే దేవుడు చూసుకునేవాడు సుధాకర్. ఇక్కడ దుమ్ము నేనే దులుపుకోవాలి. చెప్పులు విప్పి రా."

విప్పాను. ఒక పని వెనక భక్తి ఉందో కారణం ఉందో బయటి నుంచి చూస్తే తెలియదని ఆ రోజే గ్రహించి ఉండాల్సింది. గ్రహించలేదు.

మా గదిలోని కంప్యూటర్లన్నీ తమ ఫైళ్ళను ఒకే యంత్రం నుంచి తెచ్చుకునేవి, బరువైన లెక్కలూ దాని మీదే చేయించుకునేవి. దాన్నే సర్వర్ అనేవాళ్ళం. దాని లోపలిది ఫోర్ ఎయిటీ సిక్స్ ప్రాసెసర్. ఆ ఏడాది పెంటియం ప్రాసెసర్ ఉన్న సర్వర్లు కొత్తగా వచ్చాయి. మా కరెస్పాండెంట్ వీరయ్య గారు సొంత రైసు మిల్లు ఉన్న మనిషి. విజయవాడ వ్యాపారి కొత్త సర్వరును పరీక్షించి చూసుకోమని కొద్ది రోజుల కోసం ఇచ్చి వెళ్ళాడు. అది నచ్చితే కొంటానని, కొంటే రేపల్లె శాఖ మూసేస్తానని వీరయ్య గారు తేల్చి చెప్పారు. రెండూ మోయలేనన్నారు.

వారానికి రెండు రోజులు మేడమూ నేనూ రైల్లో రేపల్లె వెళ్ళి అక్కడ పాఠాలు చెప్పేవాళ్ళం. నిజాంపట్నం వైపు నుంచి పద్మ అనే అమ్మాయి ఆ కేంద్రానికి బస్సులో వచ్చేది. వాళ్ళ నాన్న చేపల వేటకెళ్ళే బోటు మీద కూలి. రేపల్లె దాటి పంపడానికి ఇంట్లో ఒప్పుకోరు. కేంద్రం మూతపడితే ఆమె చదువు అక్కడితో సరి.

"తీసేస్తారంట కదండీ?" అని పద్మ ఒకనాడు నేరుగా మేడమ్‌నే అడిగింది.

"ఇంకా కొలవలేదమ్మా. కొలిచాక చెప్తాను."

ఆ జవాబు నాకు నచ్చలేదు. "తియ్యనివ్వం" అని చెప్పొచ్చుగా అనుకున్నాను.

పరీక్ష రోజు వచ్చింది. రోజూ మేము చేసే పనినే పెట్టాం: విద్యార్థుల రికార్డులన్నీ తెరిచి, వరుసలో పేర్చి, తిరిగి భద్రపరచడం. ముందు రోజు సాయంత్రం పాత సర్వర్ మీద నడిపితే, మేము వీధి చివర టీ తాగి వచ్చినా అది ఇంకా నడుస్తూనే ఉంది. కొత్త దానికి వీరయ్య గారు తెల్లవారుజామున ముహూర్తం పెట్టించారు. పంతులుగారు వచ్చారు. పెట్టెకు పసుపు, కుంకుమ, నాలుగు మూలలా నిమ్మకాయలు. నేను పంతులుగారితో వాదనకు దిగాను. ఆయన చిరునవ్వుతో హారతి వెలిగించారు. ఆ కర్పూరం కొండెక్కేలోగా పని ముగిసింది.

"చూశావా, ముహూర్తబలం!" అన్నారు వీరయ్య గారు.

"ముహూర్తం కాదండీ, సైన్సు! పెంటియం!" అని నేను గర్జించాను.

మేడమ్ ఇద్దరి వైపూ చూసి, "ఆయన చెప్పిందే నిజానికి దగ్గరగా ఉంది సుధాకర్" అన్నారు.

హేతువాదులు గౌరవించే మనిషి ముహూర్తాన్ని సమర్థించడమా?

"నిన్న సాయంత్రం పాతది నడిచినప్పుడు గది నిండా పిల్లలున్నారు. అందరి ఫైళ్ళూ మోస్తూ మన పరీక్షనూ మోసింది. ఇప్పుడు గదిలో ఎవరున్నారు? పంతులుగారు, నిమ్మకాయలు. నీకు ముహూర్తం మీద కోపం. ఆ కోపంలో రెండు వేళల తేడానే చూడలేదు."

మూఢనమ్మకాన్ని ఎదిరించడంలో మునిగి, ఎదురుగా ఉన్న కారణాన్ని వదిలేశాను.

పాతదాన్ని కూడా తెల్లవారుజామునే నడపాలని మేడమ్ పట్టుపట్టారు. "పాతదానికి ముహూర్తమేంటమ్మా!" అని వీరయ్య గారు నవ్వారు.

"మీ మిల్లులో తడి ధాన్యాన్నీ ఎండు ధాన్యాన్నీ కాటా వేసి, తడిది బరువుంది కాబట్టి అదే మేలంటారాండీ?"

మర్నాడు తెల్లవారేసరికి వీరయ్య గారే కర్పూరం బిళ్ళ పట్టుకుని వచ్చారు. "కొలత సమానంగా ఉండాలిగా" అంటూ పాత సర్వర్ ముందు తనే వెలిగించారు. కర్పూరం ఆరిన కొద్దిసేపటికే దాని పనీ అయిపోయింది. తేడా ఉంది గానీ అది మురిసిపోయేంత తేడా కాదు. ఆ పనిలో ప్రాసెసర్ ఎంత చురుకైనదైనా, డిస్కు నుంచి ఫైళ్ళు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

రేపల్లె నిలిచిందని ఎగిరి గంతేశాను. మేడమ్ మాత్రం ఇంకో పరీక్ష పెట్టారు. ఈసారి ఫైళ్ళు లేవు, ఒట్టి లెక్కలే. రాబోయే రోజుల్లో మేము నేర్పాల్సిన డ్రాయింగు ప్రోగ్రాములు ఆ తరహావి. అందులో పెంటియం పాతదాన్ని చిత్తుగా ఓడించింది.

"ఇది ఆయనకు చెప్పకండి మేడమ్. రేపల్లె పోతుంది" అన్నాను గొంతు తగ్గించి.

"నచ్చిన ఫలితం చూపించి, నచ్చనిది దాచుకుంటే నీకూ జ్యోతిష్కుడికీ తేడా ఏంటయ్యా?"

రెండూ చెప్పేశారు. వీరయ్య గారు తల గోక్కున్నారు. "ఇంతకీ ఏది మంచిదమ్మా? ఒక్క ముక్కలో చెప్పు."

"ఒక్క ముక్కలో లేదండి. ఇప్పటి పనికి పాతది చాలు. రాబోయే పనికి చాలదు. ఆ పని ఎప్పుడొస్తుందో నాకు తెలియదండి."

"దీనికంటే వడ్ల వ్యాపారం నయం" అని ఆయన చివరికి కొత్తదాన్ని వెనక్కి పంపేశారు. పద్మ కోర్సు పూర్తి చేసింది. నిజాంపట్నంలో చేపల ఎగుమతి ఆఫీసులో ఉద్యోగంలో చేరింది. మొదటి రోజు కంప్యూటర్ గది గుమ్మంలో చెప్పులు విడిస్తే అందరూ నవ్వారని మేడమ్‌కు చెప్పి తనూ నవ్వింది.

కథ ఇక్కడ ఆగితే నేను దీన్ని సభల్లో విజయగాథగా చెప్పుకునేవాడిని. కానీ మరుసటి ఏడే డ్రాయింగు ప్రోగ్రాములు వచ్చిపడ్డాయి. పాత సర్వర్ రొప్పింది, చతికిలబడింది. తెనాలి పిల్లలు కొత్త యంత్రాలున్న చోటుకు వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు మా కేంద్రమే మూతపడింది, దానితో పాటే రేపల్లె కూడా. పద్మ తర్వాత చేరిన పిల్లలు సగం పాఠాలతో ఇంటికి వెళ్ళారు.

బాపట్ల స్టేషన్‌లో బల్ల మీద కూర్చుని ఒకసారి ఆవిడను అడిగాను. "మనం తప్పు చేశామా మేడమ్?"

"ఏ రోజు నిలబడి అడుగుతున్నావు సుధాకర్? ఆ రోజా, ఈ రోజా?"

ఆవిడ పట్టాల వైపు చూస్తూ, "నాకూ తెలియదు" అన్నారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఎన్నో వ్యాసాలు రాశాను, ఎందరినో వాదనలో ఓడించాను. రేపల్లె విషయంలో మాత్రం నాతో నేనే రెండు వైపులా వాదించి, రెండు వైపులా ఓడిపోతుంటాను. వాదించేటప్పుడు ఇప్పటికీ నా కోపం మీదే నాకు ముందు అనుమానం. నేను రాసినవాటిలో "నాకు తెలియదు" అన్న మాట కనిపిస్తే, అది ఆవిడ ఇచ్చిందే.

మరమ్మతుకు వచ్చినతను నా నిర్ణయం కోసం చూస్తున్నాడు. "కొత్తది తీసుకురా. మా పనినే రెండింటి మీదా నడిపి చూద్దాం" అన్నాను.

అతను నన్నూ, గుమ్మం బయట విడిచిన నా చెప్పులనూ చూసి, "మంచి రోజు చూసి తెమ్మంటారా బాబాయ్ గారూ?" అన్నాడు.

"ఏ రోజైనా సరేనయ్యా. రెండింటికీ అదే రోజు, అదే వేళ కావాలి."