దెబ్బ తప్పించుకోవడం

మా ఆయన కోడేరు దగ్గర మా చేనులో మోటారు పెట్టె ముట్టుకుని, కరెంటు కొట్టి పోయాడు. నేను ఏడవలేదు. ఏడుపు ఆపుకుంటున్నానని అందరూ అనుకున్నారు. ఆపుకోవడానికి లోపల ఏమీ లేదు. దినాలయ్యాక వనపర్తిలో నేను లెక్కలు చెప్పే బడికి ఎప్పటిలాగే వెళ్లాను. పిల్లలు నాతో మెల్లగా మాట్లాడుతుంటే గొంతు పెంచమని చెప్పాను.

నన్ను కపొయెరా అనే బ్రెజిల్ దేశపు ఆట నేర్చుకోవడానికి తీసుకెళ్లింది నా ఆడబిడ్డ. ఆయనకు ఒక్కతే చెల్లెలు, మా వీధిలోనే ఉంటుంది. అన్న పోయాక నిద్ర పట్టక, పొద్దున్నే ఇంట్లోంచి ఎక్కడికైనా పోవాలని అందులో చేరింది. నన్నూ రమ్మంది. కాదనడానికి కూడా ఓపిక కావాలి. వెళ్లాను.

నేర్పే అమ్మాయి గద్వాలది. వాళ్ల నాయనది బట్టలు కుట్టే దుకాణం. గోవాలో హోటల్లో పనిచేస్తున్నప్పుడు ఒక బ్రెజిల్ మనిషి దగ్గర ఈ విద్య నేర్చుకుందట. పాత వడ్ల గోదాములో మాకు చెప్పేది. ఇందులో కొట్లాట, ఆట, పాట మూడూ ఒకటేనని, ఆ దేశంలో బానిసలుగా బతికినవాళ్లు దీన్ని పుట్టించారని మొదటి రోజే చెప్పింది. అందరూ గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడుతూ పాడతారు. మధ్యలో ఇద్దరు ఆడతారు. ఒకరు కాలు విసిరితే రెండోవారు అడ్డుకోరు, వంగి దాని కింద నుంచి జారిపోతారు. అక్కడి నుంచే తమ కాలు విసురుతారు.

నాకు అడుగులు తొందరగానే వచ్చాయి. ఒక కాలు వెనక్కి, అది ముందుకొస్తే రెండోది వెనక్కి, ఒళ్లు ఊగుతూనే ఉండాలి. పాటలు బ్రెజిల్ వాళ్ల భాషలో ఉంటాయి. అర్థం తెలియని మాటలు పాడటం హాయిగా ఉండేదని అనలేను, కష్టంగా మాత్రం లేదు.

ఒక ఆదివారం సోమశిలకు పోయాం. పడవ ఎక్కడానికి వచ్చినవాళ్లు ఆగి చూస్తుంటే కృష్ణ ఒడ్డున గుండ్రంగా నిలబడ్డాం. నేనూ నా ఆడబిడ్డా మధ్యలోకి వెళ్లాం. ఆమె గిర్రున తిరిగి కాలు విసిరింది. అది రావడం చూశాను. వంగాలని తెలుసు. వంగలేదు. మడమ దవడకు తగిలి పడిపోయాను. నోట్లో రక్తం రుచి వెంటనే తెలిసింది. నొప్పి చాలాసేపటికి గానీ తెలియలేదు.

పాట ఆగిపోయింది. ఆమె నా మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"ఎందుకు ఒంగలే వదినె? చూస్తనే ఉన్నవ్ గద."

"తెల్వదు" అన్నాను.

నిజంగానే తెలియదు. చావాలనేమీ లేదు. ఆలోచన అంత దూరం పోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె నా వైపు చూడలేదు. గద్వాల అమ్మాయి నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది.

"దెబ్బ తప్పిచ్చుకోనోళ్లతోని ఎవ్వరు ఆడలేరక్కా. నీకేమైతదో అని గాదు. కొట్టినోళ్లు ఏమైపోవాలె?"

ఆ తర్వాత నన్ను ఆటకు పిలవలేదు, బెరింబౌ వాయించమంది. విల్లులా వంచిన వెదురుకు తీగ కట్టి, కింద ఎండిన సొరబుర్ర బిగిస్తారు. బుర్రను పొట్టకు ఆనించి పుల్లతో తీగను కొట్టాలి, గులకరాయితో నొక్కితే స్వరం మారుతుంది. బరువంతా చిటికెన వేలి మీదే పడి కాయ కాచింది. ఆ మోత పొట్టలో తెలిసేది. ఆట ఎంత జోరుగా సాగాలో చెప్పేది ఆ వాద్యమే. నా ఆడబిడ్డ వేరేవాళ్లతో ఆడుతూ ఆయాసపడినప్పుడు నేను చెయ్యి నెమ్మది చేసేదాన్ని. ఆమె గమనించిందో లేదో నాకు తెలియదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఆమే వచ్చి నా ముందు నిలబడి, ఆడదాం రమ్మంది. మొదట మెల్లగా కాలు విసిరింది. వంగాను. ఈసారి జోరుగా విసిరింది. వంగి, చెయ్యి నేలకు ఆనించి పక్కకు జారాను. సంతోషం కలిగిందని చెప్పను. ఒళ్లు కదిలింది, అంతే. ఆమె మాత్రం ఆట మధ్యలోనే ఆగి, గోడ దగ్గరికి పోయి కూర్చుని ఏడ్చింది.

పక్కన కూర్చుని నీళ్ల సీసా ఇచ్చాను. తాగింది.

"ఇయ్యాల అన్న పుట్టినదినం" అంది.

"ఎరుకే" అన్నాను.

లేచినప్పటి నుంచీ తెలుసు. తెలియడం తప్ప నాలో ఇంకేమీ జరగలేదు. రేకుల మీద వాన పెద్దదై ఆమె ఏడుపు వినిపించలేదు. ఆమె భుజం నా భుజానికి తగులుతూ కదలడం మాత్రం తెలుస్తూ ఉంది. గద్వాల అమ్మాయి మిగతావాళ్లతో ఆట సాగించింది. బడికి వేళయ్యేదాకా మేమిద్దరం అలాగే కూర్చున్నాం.