రోడ్డు దాటని చీర అంచులు

దీపశ్రీది ఆదోని. తండ్రి మంత్రాలయంలో సంస్కృతం చెబుతాడు. కూతురు మాత్రం కంప్యూటర్ నెట్‌వర్కుల పని పట్టుకుంది. ఎక్కడ నెట్ మొరాయించినా బస్సెక్కి పోతుంది. మాట తక్కువ, తొందర ఎక్కువ.

ఆ వేసవిలో ఎమ్మిగనూరు నుంచి పిలుపొచ్చింది. అక్కడ ఒక ప్రైవేటు చేనేత డిజైన్ల కేంద్రం ఉంది. ముసలి డిజైనరు దేవేంద్రప్ప బతుకంతా గళ్ళ కాగితాల మీద గీసిన చీర అంచుల్ని పాత భవనంలో అక్కడి ఉద్యోగి శ్రీవల్లి స్కాన్ చేస్తుంది. రోడ్డు అవతల కొత్త భవనంలో పెద్ద తెర ముందు కూర్చుని ఆయన వాటికి రంగుల పేర్లు చెప్పాలి. చక్కెర జబ్బుతో ఆయన చూపు మసకబారుతోంది. కనబడుతుండగానే పని ముగించాలని అందరి ఆరాటం. తీరా నెట్‌వర్కులో ఒక్క ఫైలు రోడ్డు దాటేలోపే ఆయన కుర్చీలో కునుకు తీసేవాడు. పెన్‌డ్రైవులో మోసి చూశారు. పాతవీ దిద్దినవీ కలగాపులగమయ్యాయి.

దీపశ్రీ కేబుల్ మార్చింది. లాభం లేదు. "ఫైళ్ళు మరీ పెద్దవి. సైజు తగ్గించి స్కాన్ చెయ్యండి" అని శ్రీవల్లితో అనేసింది.

తగ్గించిన బొమ్మ చిటికెలో వచ్చింది. దేవేంద్రప్ప తెరకు ముక్కు ఆనించి చూశాడు. "యాడ పోయినాయమ్మా నా పోగులు? అన్నీ కలిసిపోయినాయి. ఇది నేను గీసింది కాదు" అన్నాడు. కోపంగా కాదు, ఏదో పారేసుకున్నవాడిలాగ.

ఆదోని బస్సులో దీపశ్రీకి ఆ గొంతే వినిపించింది. రోగం ఏమిటో చూడకుండానే మందు రాసినట్టయింది అనుకుంది.

మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చింది. ఈసారి ఒక్కొక్కటే పరీక్షించింది. పాత భవనంలో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఫైలు పరుగెత్తింది. కొత్త భవనం లోపలా అంతే. ఒక నెట్‌వర్కు దాటి రెండోదానిలోకి అడుగుపెట్టేటప్పుడే కుంటుతోంది. అంటే లోపం రెండింటినీ కలిపే రౌటర్ దగ్గరే. కేబుల్ గుచ్చే దాని పోర్టు ఒకేసారి పంపుతూ అందుకునేలా ఎవరో బిగించి పెట్టారు. కేబుల్ అవతలి కొసన ఉన్న నెట్‌వర్కు స్విచ్ అది గుర్తుపట్టలేక, ఒకసారి పంపడం, ఒకసారి వినడంగా నడుస్తోంది. రెండూ ఒకరి మాటకొకరు అడ్డం పడుతున్నాయి. చిన్న సందేశాలు ఎలాగో గట్టెక్కుతున్నాయి. పెద్ద ఫైళ్ళు చెడిపోయి మళ్ళీ మళ్ళీ పోవలసి వస్తోంది. రెండు వైపులా ఒకే తీరున మార్చింది.

"పంపు శ్రీవల్లీ, అసలు సైజుదే" అంది ఫోనులో.

అంచు తెర నిండా పరుచుకుంది. పోగు పోగూ విడివిడిగా ఉంది. దేవేంద్రప్ప నిటారుగా కూర్చున్నాడు. "ఇదీ నాది! రాసుకోండప్పా. ఇది కనకాంబరం, ఇది మావిచిగురు..."

మధ్యాహ్నం దాకా ఆయన ఆగకుండా చెబుతూనే ఉన్నాడు. తర్వాత ఒక బొమ్మ దగ్గర ఆయన వేలు గాలిలో నిలిచిపోయింది.

"పాపా, ఇట్లా రా. ఇది నెమలికంఠమా, ఆకుపచ్చా? నాకు తెలుస్తా లేదు."

దీపశ్రీ బ్యాగు సర్దుకుంటోంది. ఆదోని బస్సుకు వేళయింది. బ్యాగు కింద పెట్టి ఆయన పక్కకు కుర్చీ లాక్కుంది.

"నీలం ఉంది తాతా. కానీ అంచున పచ్చ కొడుతోంది."

"ఎంత పచ్చ? నిదానంగా సూసి సెప్పు."

ఆమె తెరకేసి వంగి చూడసాగింది.